కడుపులోని బిడ్డ మూత్రపిండములో నీరు: స్కానింగు నివేదికను అర్థము చేసికొనుట ఎట్లు?

ఐదవ నెలలో గర్భిణి టిఫా స్కానింగు చేయించుకొని ఇంటికి వచ్చును. నివేదికలో తల, గుండె, వెన్నెముక అన్నియు సక్రమముగా నున్నట్లు వ్రాసియుండును. చివరి పంక్తి మాత్రము ఇంటిల్లిపాదిని కలవరపెట్టును. శిశువు ఎడమ మూత్రపిండములో స్వల్పముగా నీరు చేరియున్నదని అందు ఉండును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణములలో స్కానింగు సదుపాయము ఏర్పడిన పిమ్మట ఇట్టి పంక్తిని చదువుకొను కుటుంబములు పెరిగినవి.

చదివిన తరువాత జరుగునది సాధారణముగా మూడు విధములు. కొందరు బిడ్డకు మూత్రపిండము చెడిపోయినదని భయపడి గర్భమునే తీయించుకొనుటకు సిద్ధపడుదురు. కొందరు మూత్రము జారీ చేయు ఆకులను, వేళ్లను కషాయము కాచి గర్భిణికి త్రాగింతురు. మరికొందరు కాన్పు సుఖముగా జరిగి, బిడ్డ బొద్దుగా, ఆరోగ్యముగా కనిపించుటచే ఆ కాగితమును పూర్తిగా మరచిపోవుదురు. మొదటి రెండును తప్పులేయని చెప్పిన వెంటనే ఎవరైనను ఒప్పుకొందురు. మూడవది తప్పుగా ఎవరికిని తోచదు. ఏ నొప్పియు లేకుండ, ఏ గురుతును చూపకుండ ఒక మూత్రపిండము నశించుటకు అదియే కారణము కాగలదు. కనుక ఈ పాఠమున స్కానింగు ఏమి చూపగలదో, ఏమి చూపలేదో, కాన్పు తరువాత ఏమి చేయవలెనో వివరముగా తెలిసికొందము.

గర్భములో మూత్రపిండము చేయు పని

గర్భాధానము మొదలు లెక్కించినచో ఐదవ వారమున మూత్రపిండముల అంకురము మొదలగును. మొదట అవి పొత్తికడుపు అడుగున పుట్టి, క్రమముగా పైకి జరిగి నడుము భాగమున స్థిరపడును. అందువలననే కొందరిలో ఒక మూత్రపిండము పైకి రాక క్రిందనే నిలిచిపోవుట, లేక రెండును కలిసి గుఱ్ఱపు నాడా వలె ఒక్కటగుట చూచుచుందుము. మూడవ నెల ముగియులోగా మూత్రము తయారగుట ప్రారంభమగును. రక్తమును వడకట్టు సూక్ష్మమైన జల్లెడలు ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షలు ఏర్పడును. వీని నిర్మాణము 36వ వారము నాటికి పూర్తియగును. పుట్టిన పిమ్మట క్రొత్తవి ఏర్పడవు. పోయినది పోయినట్లే.

ఇచట ఒక ముఖ్య విషయమును గ్రహింపవలెను. గర్భములో ఉన్నంతకాలము బిడ్డ రక్తములోని మలినములను తొలగించునది మాయయు, తల్లి మూత్రపిండములును. బిడ్డ మూత్రపిండములు కావు. రెండు మూత్రపిండములును లేని శిశువు సైతము తల్లి కడుపులో పెరుగుచునే యుండును. మరి బిడ్డ మూత్రము దేనికి ఉపయోగపడును? ఉమ్మనీటికి. సుమారు 16వ వారము నుండి ఉమ్మనీటిలో అధికభాగము బిడ్డ విడుచు మూత్రమే. బిడ్డ ఆ నీటిని మ్రింగుచు, మరల విసర్జించుచు ఉండును. ఊపిరితిత్తులు విప్పారి పెరుగుటకు ఆ నీరు చాలినంత ఉండవలెను. మూత్రపిండముల దోషము మూత్రపిండములతో ఆగక ఊపిరితిత్తులను దెబ్బతీయుట ఇందువలననే.

ఆయుర్వేద గ్రంథములు మూత్రపిండములను వృక్కములని పేర్కొన్నవి. రక్తము, మేదస్సు అను ధాతువుల ప్రసాదభాగము నుండి వృక్కములు పుట్టునని సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పెను. చరకుడు వృక్కములను, వస్తిని తల్లి నుండి సంక్రమించు అవయవములలో చేర్చెను. నెలవారీగా గర్భిణీ పరిచర్యను వివరించుచు ఆరవ మాసమున పల్లేరుతో సిద్ధము చేసిన నేతిని గాని, జావను గాని ఇవ్వవలెనని సుశ్రుతుడు విధించుట గమనింపదగినది. మన బీడు భూములలో అరికాళ్లకు గుచ్చుకొను పల్లేరే ఇది. తల్లికి కాళ్లవాపులు మొదలగు నెలలలో మూత్రమును సాఫీగా నడుపు ద్రవ్యమును ఎన్నుకొనుటలో పూర్వులు చూపిన శ్రద్ధ మెచ్చదగినదే. అయితే ఆ విధి తల్లి కొరకు. బిడ్డ మూత్రపిండములోని అడ్డంకిని తొలగించుటకు అది చెప్పబడలేదు. ఆ తేడాను మరువరాదు.

స్కానింగు ఏమి చూచును?

స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డ్ అను ప్రసూతి వైద్యుడు 1958లో శబ్దతరంగములతో కడుపులోని వానిని చూపు పద్ధతిని ప్రకటించెను. 1970లో ఆస్ట్రేలియా వైద్యుడు గారెట్, ఆయన సహచరులు పుట్టుటకు ముందే బిడ్డ మూత్రపిండములలోని తిత్తులను ఈ పద్ధతిచే గుర్తించిరి. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. చెవికి వినబడని శబ్దము మాత్రమే ఉండును. "స్కానింగు ఎక్కువ చేయించినచో బిడ్డకు వేడి చేయును" అని మన అవ్వలు అనుమానింతురు. వైద్యుడు అవసరమని చెప్పినన్ని మారులు చేయించుటకు వెనుకాడనవసరము లేదు. వేడుక కొరకు మాత్రము చేయింపరాదు.

శబ్దతరంగములకు నీరు నల్లగాను, గట్టి కణజాలము బూడిదవన్నెతోను కనిపించును. మూత్రపిండములోని నీరు అంత సులభముగా పట్టుబడుటకు ఇదియే కారణము. 12, 13 వారములకు మూత్రాశయము, 18 నుండి 20 వారములకు మూత్రపిండముల లోపలి నిర్మాణము చక్కగా తెలియును. బిడ్డ మూత్రాశయము సుమారు అరగంటకు ఒకమారు నిండి, ఖాళీయగుచుండును. కనుక మూత్రాశయము కనిపించలేదన్నచో వెంటనే దిగులు పడక, కొంతసేపు కూర్చుండి మరల చూపించుకొనవలెను. ఉమ్మనీరు బాగుగా తగ్గి స్కానింగులో స్పష్టత లేనపుడు మాత్రమే అరుదుగా ఎం.ఆర్.ఐ. పరీక్ష అవసరపడును.

స్కానింగుకు ఒక హద్దు కలదు. అది ఆకారమును చూచును, కొలతను చెప్పును. ఆ మూత్రపిండము రక్తమును ఎంత బాగుగా వడకట్టుచున్నదో నేరుగా చెప్పలేదు. పనితీరును గురించి లభించు ప్రధానమైన ఆనవాలు ఉమ్మనీరు. అదియు రెండు మూత్రపిండముల ఉమ్మడి ఫలితము. ఒకటి బాగుగా ఉన్నచో రెండవది పూర్తిగా చెడినను ఉమ్మనీరు సక్రమముగానే ఉండును. "నీరు బాగుంది గదా, బిడ్డకేమీ కాదు" అను మాట సగము మాత్రమే నిజమగుట ఇందువలననే.

నివేదికలోని అంకెలు

మూత్రపిండములో తయారైన మూత్రము మొదట గరాటు వంటి తిత్తిలో చేరి, అచటి నుండి సన్నని నాళము ద్వారా మూత్రాశయమునకు దిగును. ఆ గరాటును రీనల్ పెల్విస్ అందురు. దాని వెడల్పును ముందు నుండి వెనుకకు కొలిచి నివేదికలో ఏ.పి.డి. లేక ఏ.పి. డయామీటర్ అని మిల్లీమీటర్లలో వ్రాయుదురు. దీనికి పక్కన ఎన్ని వారముల గర్భమో చూడనిదే ఈ అంకెకు అర్థము లేదు. 2014లో అమెరికాలోని పలు వైద్య సంఘముల నిపుణులు కూడి ఏర్పరచిన యు.టి.డి. వర్గీకరణను మన వైద్యులును అనుసరించుచున్నారు. దాని ప్రకారము 16 నుండి 27 వారముల మధ్య 4 మి.మీ.ల లోపు, 28 వారములు నిండిన పిమ్మట 7 మి.మీ.ల లోపు ఉన్నచో సహజము. మొదటి కాలమున 4 నుండి 7 లోపు, రెండవ కాలమున 7 నుండి 10 లోపు ఉన్నచో స్వల్పమైన వాపు. 27 వారముల వరకు 7 గాని, ఆపైన 10 గాని, అంతకు మించి గాని ఉన్నచో విశేష శ్రద్ధ అవసరము.

ఉదాహరణకు ఒక గర్భిణికి 20వ వారమున 5 మి.మీ. వచ్చినదనుకొందము. అది స్వల్పమైన వాపు. 32వ వారమున అదే గరాటు 6 మి.మీ. ఉన్నది. అంకె పెరిగినదని ఇంటివారు గాభరా పడుదురు. నిజమునకు 28 వారములు దాటిన తరువాత 6 సహజము క్రిందికే వచ్చును, అనగా వాపు తగ్గినట్లే. వేరొక గర్భిణికి 20వ వారమున అదే 5 ఉండి, 32వ వారమునకు 13 అయినది. ఆమె బిడ్డను పుట్టిన తరువాత తప్పక పరీక్షింపవలెను. ఒకే అంకెతో ప్రారంభమైన ఇరువురి దారులు ఇట్లు వేరగుటచేతనే, స్వల్పమైన వాపునకు కూడ 32 వారములు నిండిన పిమ్మట ఒకమారు స్కానింగు చేయింపవలెనని నిర్ణయించిరి. వాపు ఎక్కువగా నున్నచో 4 నుండి 6 వారములకు ఒకమారు చూచుచుందురు.

వెడల్పుతోబాటు మరికొన్ని మాటలను నివేదికలో వెదకుడు. రెండు మూత్రపిండములును కనిపించినవా? పొడవు తగినంత ఉన్నదా? గర్భము ఎన్ని వారములో బిడ్డ మూత్రపిండము ఇంచుమించుగా అన్ని మిల్లీమీటర్ల పొడవుండునన్నది గుర్తుంచుకొనుటకు సులువైన లెక్క. కణజాలము మామూలు వన్నెతో ఉన్నదా, లేక తెల్లగా మెరయుచున్నదా? తిత్తులున్నవా? నాళము ఉబ్బినదా? సహజమైన స్థితిలో మూత్రనాళము స్కానింగులో కనిపించనే కనిపించదు. మూత్రాశయపు గోడ మందముగా ఉన్నదా? ఉమ్మనీరు ఎంత? లోతైన చోట 2 నుండి 8 సెం.మీ. వరకు ఉండుట సహజము. నాలుగు భాగములను కూడి చెప్పు ఏ.ఎఫ్.ఐ. అను లెక్కలో 5 నుండి 24 సెం.మీ. వరకు సహజముగా తీసికొందురు. కొలత తక్కువైనను ఈ దోషములలో ఏ ఒక్కటి ఉన్నను వైద్యులు దానిని తీవ్రమైన వర్గములోనే చేర్చుదురు.

నూరుమంది గర్భిణులలో ఒకరిద్దరి బిడ్డలకు ఇట్టి వాపు కనిపించును. వారిలో సగమునకు మించిన బిడ్డలకు అది దానంతట అదే సర్దుకొనును. ఈ ఒక్క సంగతి తెలిసినచో గర్భము తీయించుకొనవలెనను ఆలోచన ఎంత తొందరపాటో అర్థమగును.

కాలువకు అడ్డము పడుట, నీరు వెనుకకు మరలుట

మిగిలిన బిడ్డలలో వాపునకు కారణమేమి? కె.సి. కాలువ క్రింద సేద్యము చేయువారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. పిల్లకాలువ మొదటనే ఇరుకుగా నున్నచో పైన నీరు నిలిచి గట్లు ఒరయును. గరాటు, నాళము కలియు చోటు ఇరుకగుట అట్టిది. చికిత్స అవసరమగు కారణములలో ఎక్కువగా కనిపించునది ఇదియే. రెండవది, క్రిందినుండి నీరు ఎదురు తిరిగి వచ్చుట. మూత్రాశయము ముడుచుకొనినపుడు మూత్రము క్రిందికి పోవుటకు బదులు నాళము ద్వారా మూత్రపిండమునకు మరలును. దీనివలన చీము, జ్వరము, క్రమముగా మూత్రపిండమున మచ్చలు ఏర్పడును. ఒక్కొక్కమారు ఒక మూత్రపిండము మొత్తము ద్రాక్షగుత్తి వలె తిత్తుల మయమై పనిచేయకుండును. చూచుటకు భయంకరముగా నున్నను, రెండవది బాగున్నచో ఆ బిడ్డ చక్కగా బ్రతుకును. ఆ తిత్తుల గుత్తి పలువురిలో క్రమముగా ముడుచుకొనిపోవును.

నిజముగా భయపడవలసినది చిట్టచివరి తూము మూసికొనినపుడు. మూత్రాశయము నుండి వెలుపలికి పోవు మార్గమున పొర అడ్డుపడినచో మూత్రాశయము ఉబ్బి, గోడలు మందమై, స్కానింగులో తాళపు రంధ్రము వంటి ఆకారము కనిపించును. నాళములు, రెండు మూత్రపిండములు ఉబ్బును. ఉమ్మనీరు తగ్గును. ఈ వ్యాధి మగశిశువులలో మాత్రమే వచ్చును. ఇట్టి బిడ్డ కాన్పు పిల్లల శస్త్రవైద్యుడున్న ఆసుపత్రిలో జరుగవలెను. పుట్టిన వెంటనే సన్నని గొట్టముతో మూత్రమును వెలుపలికి తీసి, పిమ్మట దుర్బీను వంటి పరికరముతో ఆ పొరను తొలగింతురు. గర్భములోనే బిడ్డ మూత్రాశయమునకు గొట్టము అమర్చు చికిత్సను బ్రిటను దేశమున పరీక్షించి 2013లో ఫలితములను ప్రకటించిరి. పాల్గొన్న గర్భిణులు 31 మంది మాత్రమే. బ్రతికి బయటపడు అవకాశము కొంత పెరిగినట్లు తోచినను, మూత్రపిండములు చక్కగా పనిచేయు బిడ్డలు మిక్కిలి తక్కువ. కనుక ఆ చికిత్సను గురించి ఎక్కువ ఆశపెట్టుకొనరాదు. ఉమ్మనీరు అసలే లేక, రెండు మూత్రపిండములును లేనట్లు తేలినచో ఆ బిడ్డ పుట్టిన పిమ్మట బ్రతుకుట దుర్లభము. అప్పుడు నిర్ణయము కష్టమైనది. 2021లో సవరించిన చట్టము ప్రకారము 24 వారములు దాటినను తీవ్రమైన అంగలోపములున్నచో వైద్యమండలి పరిశీలించి గర్భస్రావమునకు అనుమతింపగలదు. వైద్యులతో దంపతులిరువురును కూర్చుండి మాటలాడి తేల్చుకొనవలసిన విషయమిది. ఒక వైపు 6 మి.మీ.ల వాపునకు ఆ మాటయే ఎత్తరాదు.

మేనరికములు

మన సీమలో మేనమామను, మేనత్త కొడుకును చేసికొనుట నేటికిని కలదు. ఆస్తి, ఆప్యాయత రెండును నిలుచునని పెద్దల భావము. తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. అయితే దగ్గర రక్తసంబంధమున ఒకే లోపము దంపతులిరువురిలోను గుప్తముగా ఉండు అవకాశము ఎక్కువ. అట్టి వానిలో ఒకటి శిశువుల మూత్రపిండములలో సన్నని తిత్తులు నిండు వ్యాధి. స్కానింగులో రెండు మూత్రపిండములును పెద్దవై, తెల్లగా మెరయుచుండును. ఉమ్మనీరు తగ్గుచుండును. చాలమారులు 20వ వారపు స్కానింగులో ఇది తెలియదు, ఆ తరువాత బయటపడును. ఒక బిడ్డకు ఈ వ్యాధి వచ్చినచో తరువాతి ప్రతి గర్భమునందును నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. మేనరికపు దంపతులు ఐదవ నెల స్కానింగు బాగున్నదని సంతృప్తిపడక 28 నుండి 32 వారముల మధ్య మరియొకమారు చేయించుకొనవలెను. వెనుకటి కాన్పులో మూత్రపిండముల దోషముతో బిడ్డ పోయియున్నచో, మరల గర్భము ధరించుటకు ముందే జన్యు వైద్యుని సంప్రదింపవలెను. "పోయిన బిడ్డను గూర్చి చెప్పుట అశుభము" అని ఆ సంగతిని దాచు అత్తగారులు కలరు. వైద్యునికి అన్నిటికంటె ముందు తెలియవలసినది అదియే.

ఇంటిలో చేయదగినవి, చేయరానివి

మొదటి గృహవైద్యము మంచినీరు. కడప జిల్లా ఎండలు తెలిసినవే. వేసవిలో గర్భిణి నీరు చాలక వడలినచో ఉమ్మనీరు తగ్గును. ఉమ్మనీరు తక్కువగానున్న గర్భిణులకు రెండు లీటర్ల నీటిని త్రాగించి కొలువగా ఉమ్మనీరు పెరిగినట్లు పరిశోధనలలో తేలినది. పలుచని మజ్జిగ, కొబ్బరినీరు, బార్లీ జావ మంచివి. మన ప్రాంతమున ప్రియమైన నన్నారి షరబత్తు చలువయే గాని, పంచదార పాకము ఎక్కువ. గర్భములో మధుమేహము వచ్చినవారు దానిని మానవలెను. తల్లి త్రాగిన నీరు ఉమ్మనీటిని పెంచగలదు గాని, బిడ్డ మూత్రమార్గములోని పొరను తొలగింపలేదు, లేని మూత్రపిండమును తేలేదు.

కొండపిండి ఆకును పెసరపప్పుతో వండి తినుట, తెల్లగలిజేరు కషాయము, పల్లేరు కషాయము మూత్రపిండములలో రాళ్లున్నవారికి మన పత్రికలు తరచు చెప్పునవే. బిడ్డకు మూత్రపిండములో నీరున్నదని తల్లి వీనిని సేవించుట వ్యర్థము. వ్యాధి బిడ్డ నాళముయొక్క ఆకారములో నున్నది, తల్లి మూత్రములో లేదు. పైగా కొండపిండి గర్భిణులకు క్షేమకరమని నిర్ధారణ కాలేదు. భస్మములు, రసౌషధములు గర్భిణి స్వయముగా ఎన్నడును వాడరాదు. సుశ్రుతుడు చెప్పిన పల్లేరు నేయిని వాడదలచినను అర్హత గల వైద్యుని పర్యవేక్షణలోనే, ప్రసూతి వైద్యురాలికి తెలిపియే వాడవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము అంగడిలో చీటీ లేకుండ దొరకు నొప్పి మాత్రలు. నడుము నొప్పికి, పంటినొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటివి కొని మ్రింగుట మన ఇండ్లలో సర్వసాధారణము. ఇవి తల్లి రక్తము నుండి మాయను దాటి బిడ్డ మూత్రపిండమును చేరి, మూత్రమును తగ్గించి, ఉమ్మనీటిని తగ్గించును. 20 వారములు దాటిన గర్భిణులు వీనిని మానవలెనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించినది. ప్రసూతి వైద్యులు ప్రత్యేకముగా వ్రాసిన స్వల్పమోతాదు ఆస్పిరిన్ దీనికి చేరదు, దానిని తమంతట తాము ఆపరాదు. రక్తపోటునకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి ప్రిల్ మందులు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి సార్టాన్ మందులు బిడ్డ మూత్రపిండములకు మిక్కిలి చెరుపు. ముందునుండి రక్తపోటు ఉన్న స్త్రీ గర్భము నిలిచినట్లు తెలిసిన వెంటనే మందు మార్పించుకొనవలెను. మధుమేహమున్నవారు గర్భధారణకు ముందే చక్కెరను అదుపులోనికి తెచ్చుకొనవలెను.

ఎచటికి వెళ్లవలెను?

స్కానింగునకు, మామూలు కాన్పునకు దూరము పోనవసరము లేదు. జమ్మలమడుగులో లండను మిషను వారి కాలము నుండి వచ్చుచున్న క్యాంప్‌బెల్ ఆసుపత్రి, ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి, పులివెందులలో ప్రభుత్వాసుపత్రి కలవు. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుచున్నవి. ఒక వైపు స్వల్పమైన వాపు, ఉమ్మనీరు సక్రమము అయినచో దగ్గరి ఆసుపత్రిలోనే, సహజముగానే కాన్పు కావచ్చును. ముందుగా కాన్పు చేయించుటవలన గాని, ఆపరేషను వలన గాని బిడ్డ మూత్రపిండమునకు మేలు జరుగదు.

రెండువైపుల వాపు, మూత్రాశయము ఉబ్బుట, ఉమ్మనీరు తగ్గుట, ఉన్నది ఒక్క మూత్రపిండమే అయి దానికిని వాపు ఉండుట వంటి సందర్భములలో మాత్రము తొమ్మిదవ నెల వరకు ఆగక, కడపలోని రిమ్స్ గాని, తిరుపతిలోని పెద్ద ఆసుపత్రులు గాని, మనవారు తరతరములుగా రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచు క్రైస్తవ వైద్య కళాశాల గాని సంప్రదించి, పిల్లల శస్త్రవైద్యుడు, పిల్లల మూత్రపిండ వైద్యుడు ఎచట లభ్యమగుదురో ముందే విచారింపవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, 2024లో ఎన్.టి.ఆర్. వైద్య సేవగా పేరు మారిన పథకములో బిడ్డ చికిత్స చేరునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవచ్చును.

స్కానింగు గదిలో శిశువు ఆడో మగో అడుగుట, చెప్పుట రెండును నేరములు. 1994లో చేసి, 2003లో బలపరచిన చట్టము ప్రకారము శిక్షార్హము. కొన్ని వ్యాధులు మగశిశువులకే వచ్చునని చదివి ఆ నెపముతో అడుగుటకును వీలులేదు. చికిత్స నిర్ణయించుటకు తల్లిదండ్రులకు అది తెలియవలసిన అవసరమును లేదు.

పుట్టిన తరువాత మరువరాని స్కానింగు

ఈ పాఠములో అతి ముఖ్యమైన భాగమిది. బిడ్డ పుట్టిన మొదటి రెండు దినములు పాలు తక్కువగా త్రాగును, మూత్రము తక్కువగా పోయును. ఉబ్బిన గరాటు తాత్కాలికముగా ముడుచుకొనును. ఆ సమయమున స్కానింగు చేసినచో "వాపు తగ్గిపోయినది" అని తప్పుడు ధైర్యము కలుగును. అందువలన తీవ్రమైన లక్షణములు లేని బిడ్డకు 48 గంటలు గడచిన తరువాత, సాధారణముగా మొదటి వారము చివర ఒక స్కానింగు చేయింపవలెను. అది బాగున్నను నాలుగు నుండి ఆరు వారములకు మరియొకటి తప్పనిసరి. రెండును బాగున్నపుడే నిశ్చింత. రెండువైపుల వాపు, మూత్రధార సన్నగా పడుట ఉన్న మగబిడ్డకు మాత్రము 48 గంటలు ఆగరాదు, వెంటనే చూపవలెను.

మన ఆచారమునకు దీనిని జతపరచుకొనుట మేలు. మొదటి కాన్పు పుట్టినింట జరుగును. స్కానింగు కాగితము జమ్మలమడుగులోని అత్తవారింటి బీరువాలో ఉండును, బాలింత ప్రొద్దుటూరులో అమ్మ ఇంట ఉండును. కాన్పు చేసిన వైద్యురాలు ఆ కాగితమును చూడనే చూడదు. మూడవ నెలలోనో, ఐదవ నెలలోనో బిడ్డను మెట్టినింటికి తీసికొనిపోవునప్పటికి ఆ సంగతి ఎవరికిని గుర్తుండదు. కనుక గర్భిణి పుట్టినింటికి బయలుదేరునపుడు చీర, సారెలతోబాటు నివేదికలన్నియు ఒక సంచిలో పెట్టి పంపవలెను. మొదటి స్కానింగు పురుటిస్నానము నాటికి, రెండవది బిడ్డను మెట్టినింటికి పంపక మునుపు చేయింపవలెనని ఇరువైపుల పెద్దలు గుర్తుంచుకొన్నచో ఎన్నడును తప్పిపోదు.

రెండవ స్కానింగులోను వాపు ఎక్కువగా ఉన్నచో, మూత్రము వెనుకకు మరలుచున్నదేమో చూచు ఎక్స్‌రే పరీక్షయు, ఒక్కొక్క మూత్రపిండము ఎంత పనిచేయుచున్నదో శాతములలో చెప్పు ఐసోటోపు పరీక్షయు వైద్యులు వ్రాయుదురు. గర్భములో స్కానింగు చెప్పలేని పనితీరును చెప్పునది ఈ రెండవ పరీక్షయే. నెల, నెలన్నర నిండిన బిడ్డలకు దీనిని చేయుదురు. ఫలితమును బట్టి పలువురు బిడ్డలకు కేవలము కనిపెట్టి చూచుట చాలును. పనితీరు తగ్గుచున్నవారికి ఇరుకైన భాగమును కోసి తీసివేసి నాళమును గరాటునకు మరల అతుకుదురు. సకాలమున చేసినచో మిగిలియున్న శక్తి నిలుచును. రెండేండ్లు ఆలస్యముగా తెచ్చిన బిడ్డకు అదే శస్త్రచికిత్స చేసినను నశించిన జల్లెడలు తిరిగిరావు.

ఇట్టి బిడ్డకు మొదటి సంవత్సరమున జలుబు, దగ్గు లేకుండ జ్వరము వచ్చినచో పండ్లు మొలచుచున్నవనియో, దిష్టి తగిలినదనియో సరిపెట్టుకొనరాదు. ఆ దినమే మూత్రపరీక్ష చేయింపవలెను. బరువు పెరుగకపోవుట, మూత్రము బొట్లుబొట్లుగా పడుట, మూత్రము పోయునపుడు మెలికలు తిరుగుట కూడ గమనింపవలెను. తల్లిపాలు తప్ప ఆరు నెలల వరకు వేరేదియు పోయరాదు. మూత్రము సాఫీగా వచ్చునని పసిబిడ్డకు సబ్జా నీరు, ధనియాల నీరు, కషాయములు పట్టుట ప్రమాదకరము.

ఒకే మూత్రపిండముతో పుట్టిన బిడ్డలు వేయిమందికి ఒకరు ఉందురు. వారిలో అనేకులకు ఆ సంగతియే జీవితమంతయు తెలియకపోయెడిది. నేడు స్కానింగు వలన ముందే తెలియుచున్నది. ఆ ఒక్కటి ఆరోగ్యముగా నున్నచో అది ఒకింత పెద్దదిగా పెరిగి రెండింటి పనిని తానే చేయును. బడికి పంపుటకు, ఆటలాడించుటకు, పెండ్లి చేయుటకు అడ్డంకి లేదు. సంవత్సరమునకు ఒకమారు రక్తపోటు చూపించి, మూత్రములో మాంసకృత్తు పోవుచున్నదేమో పరీక్షింపవలెను. నొప్పి మాత్రలు ఊరక మ్రింగు అలవాటు మాత్రము ఆ బిడ్డకు చిన్ననాటి నుండియే పట్టనీయరాదు.